రాయి చేతికి దొరికితే రంగు చూసి మోసపోకండి

రాళ్ళని గుర్తుపట్టడం నేర్చుకుందామని దిగిన ప్రతివాళ్ళూ చేసే మొదటి తప్పు రంగు చూడటం. నేనూ అదే చేశాను. నల్లగా ఉంటే బసాల్ట్, తెల్లగా ఉంటే పాలరాయి, ఎర్రగా ఉంటే ఇసుకరాయి అనుకుంటూ లేబుళ్ళు అంటించి ఒక అట్టపెట్టె నింపేశాను. కొన్నాళ్ళకి విషయం తెలిసినాయన ఒకాయన ఆ పెట్టె తెరిచి, ఏమీ అనకుండా ఒక్కో లేబులూ పీకుతూ పోయాడు. నా పాలరాళ్ళన్నీ పలుగురాళ్ళు. నా బసాల్టుల్లో ఒకటి అసలు రాయే కాదు, దాని కథ తర్వాత చెప్తాను. ఇనుము కాస్త తుప్పు పట్టిందంటే ఏ రాయైనా ఎర్రబడుతుంది, ఎండకీ వానకీ నల్లరాయి కూడా గోధుమరంగు తోలు కప్పుకుంటుంది, కాబట్టి రంగు చెప్పేది చాలా తక్కువ.

మరి చూడాల్సింది ఏంటంటే, రాయిలోని రేణువులు ఒకదానితో ఒకటి ఎలా కలిసి ఉన్నాయన్నది. ఒకదాని సందులోకి ఇంకోటి దూరి ఖాళీ లేకుండా బిగుసుకుపోయాయా? విడివిడి రేణువుల్ని జిగురు పెట్టి అతికించినట్టు ఉన్నాయా? అన్నీ ఒకే వైపుకి ఒరిగి, ఎవరో మీద కూర్చుని నొక్కేసినట్టు వరసగా ఉన్నాయా? మొదటిదైతే కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడిన అగ్నిశిల అయ్యుంటుంది, రెండోదైతే ఇసుకో బురదో పేరుకుని బిగుసుకున్న అవక్షేప శిల, మూడోదైతే అప్పటికే ఉన్న రాయి వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రూపాంతర శిల. మినహాయింపులు ఉన్నాయి, మనల్ని ఇబ్బంది పెట్టేవి కూడా అవే, కానీ పదింటిలో ఏడెనిమిది రాళ్ళు ఈ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతాయి.

ముందు కావాల్సినవి

కొత్తగా విరిగిన ముఖం కావాలి. బయట తోలు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. చిన్న సుత్తితో అంచు మీద కొడితే ఒక పెచ్చు లేస్తుంది, అది చాలు. కంటికి అద్దాలు లేకుండా మాత్రం కొట్టొద్దు, రాతి పెచ్చు ఎటు ఎగురుతుందో చెప్పలేం. రక్షిత ప్రాంతాల్లో, పాత కట్టడాల దగ్గర అసలు సుత్తే తీయొద్దు. అక్కడ విరిగి కింద పడి ఉన్న ముక్కల్ని అక్కడే చూసి, అక్కడే వదిలేసి రండి.

భూతద్దం పది రెట్లు పెద్దది చేసేది సరిపోతుంది. చాలామంది రాయి దగ్గర అద్దం పెట్టి దూరం నుంచి చూసి ఏమీ కనపడట్లేదంటారు. అద్దాన్ని కంటికి ఆనించినంత దగ్గర పట్టుకుని, రాయిని అద్దం దగ్గరికి తీసుకురావాలి, వెలుతురు రాయి మీద పడేలా నిలబడాలి. ఇది తెలిసిన రోజున నాకు మళ్ళీ కళ్ళొచ్చినట్టయింది.

ఇంకా ఒక చాకు, ఒక రాగి నాణెం, చిన్న సీసాలో వెనిగర్. గట్టిదనానికి ఫ్రెడరిక్ మోస్ 1812లో పెట్టిన 1 నుంచి 10 కొలతే ఇప్పటికీ వాడుతున్నాం. మన వేలిగోరు దాదాపు 2.5, రాగి 3.5 లోపు, చాకు మొన 5.5 దగ్గర. సున్నపురాయిలోని కాల్సైట్ 3, గ్రానైట్‌లో ఎక్కువగా ఉండే ఫెల్డ్‌స్పార్ 6, పలుగు 7. అంటే చాకు గీత పడితే అది పలుగు కాదు. ఇక్కడ ఒక మోసం ఉంది. గట్టి రాయి మీద చాకుతో గీస్తే చాకే అరిగి, దాని లోహం గీతలా అంటుకుంటుంది, మనం రాయికి గీత పడిందనుకుంటాం. వేలు తడిచేసి తుడవండి, చెరిగిపోతే గీసుకుపోయింది చాకు.

గ్రానైట్‌తో మొదలుపెట్టండి

ఎందుకంటే దాన్లో రేణువులు పెద్దవి, కంటికే కనిపిస్తాయి. కొత్తగా విరిగిన గ్రానైట్ ముక్కని ఎండలో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. తిప్పుతుంటే కొన్ని చోట్ల చిన్న అద్దం ముక్కలు పెట్టినట్టు తళుక్కుమని మెరిసి ఆరిపోతాయి, అవి ఫెల్డ్‌స్పార్, తెల్లగానో లేత గులాబీగానో ఉంటాయి, అవి చదునుగా పగులుతాయి కాబట్టి ఆ మెరుపు. వాటి మధ్యలో బూడిదరంగులో, తడి గాజులా, ఎంత తిప్పినా చదునైన ముఖం చూపించని ముక్కలు పలుగు. నల్లగా పెచ్చుల్లా ఉండి గుండుసూది మొనతో గీకితే రేకులుగా లేచేది అభ్రకం. ఇప్పుడు పలుగు ఆకారం చూడండి, దానికంటూ సొంత ఆకారం ఉండదు, మిగతావి వదిలేసిన సందుల్ని నింపినట్టు ఉంటుంది. నిజంగా జరిగిందీ అదే, శిలాద్రవం చల్లారుతున్నప్పుడు ఫెల్డ్‌స్పార్, అభ్రకం ముందు గట్టిపడ్డాయి, చివరికి మిగిలిన ద్రవంలోంచి పలుగు వచ్చి ఖాళీల్లో సర్దుకుంది. బస్సులో ఆఖర్న ఎక్కినవాడు దొరికిన సందులో ఇరుక్కున్నట్టు.

స్ఫటికాలు ఇంత పెద్దవి కావడానికి తీరిక కావాలి. గ్రానైట్ భూమి లోపల కిలోమీటర్ల లోతున, పైనున్న రాయి దుప్పటిలా వేడిని పట్టి ఉంచగా, వేల ఏళ్ళు, పెద్ద రాశి అయితే లక్షల ఏళ్ళు పట్టి చల్లారుతుంది. అదే శిలాద్రవం లావాగా బయటికి వచ్చి గాలి తగిలిందంటే స్ఫటికాలు పెరిగే టైమ్ ఉండదు, రేణువులు కంటికి కనపడనంత చిన్నగా ఆగిపోతాయి. బసాల్ట్ అలాంటిదే. ఇంకా వేగంగా చల్లారితే స్ఫటికమే ఏర్పడదు, నల్ల గాజులా మిగిలిపోతుంది, దాన్నే అబ్సిడియన్ అంటారు, విరిగితే గవ్వ లోపలి వంపులా వలయాలు కనిపిస్తాయి, అంచు బ్లేడులా కోస్తుంది, జాగ్రత్త. నురుగుతో గట్టిపడితే ప్యూమిస్, నీళ్ళలో తేలుతుంది. కొన్నిసార్లు సన్నటి నల్ల రాయిలో అక్కడక్కడ పెద్ద స్ఫటికాలు దిగబడి ఉంటాయి. అంటే లోపల కొంతకాలం తీరిగ్గా చల్లారి, ఆ తర్వాత ఉన్నట్టుండి పైకి వచ్చి మిగతాది గబగబా గట్టిపడిందన్నమాట. రేణువుల సైజు చూస్తే ఎంత నెమ్మదిగా చల్లారిందో చెప్పొచ్చు, అగ్నిశిలల్లో సగం విద్య ఇదే.

బసాల్ట్‌లో బుడగల గుంతలు ఉంటే వదలకండి. లావాలోని వాయువులు బయటికి పోతూ మిగిల్చినవి అవి, తర్వాత నీళ్ళు వాటిలోకి దిగి తెల్లటి జియోలైట్లూ అగేట్లూ లాంటి ఖనిజాలు నింపుతాయి. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద పొరలు పొరలుగా పరుచుకున్న దక్కన్ లావాల్లో అలాంటి గుంతలు ప్రపంచ ప్రసిద్ధం. మందంగా పరుచుకున్న లావా చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు ఎండిన బురద పగిలినట్టు పగిలి, ఆ పగుళ్ళు కిందికి దిగి, చాలావరకు ఆరు పలకల స్తంభాలవుతాయి. ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వేలో అలాంటివి దాదాపు 40,000 ఉన్నాయి. ఎవరో పనిగట్టుకుని చెక్కారనిపిస్తుంది, ఏ ఉలీ తగలలేదు.

ఇంకో మాట. వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ పట్టే ప్రతి రాయినీ గ్రానైటే అంటారు. బ్లాక్ గ్రానైట్ అని పిలిచేవి చాలావరకు డోలరైటో గాబ్రోనో అయ్యుంటాయి, అంటే పుట్టుకలో గ్రానైట్ కంటే బసాల్ట్‌కి దగ్గరి చుట్టాలు. పలుగు ఉండదు, ఉన్నా చాలా తక్కువ.

ఇంట్లో తూకంతో ఒక పరీక్ష

సన్నరేణువుల నల్లరాయి బసాల్టా, లేక నల్లటి సున్నపురాయా అని సందేహం వస్తే బరువు బాగా చెబుతుంది, కానీ చేతిలో ఎగరేసి చూస్తే తెలిసేంత తేడా ఉండదు. గ్రాముల్లో చూపించే వంటింటి తూకం ఉంటే చాలు. ముందు రాయిని తూచండి, 540 గ్రాములు వచ్చిందనుకుందాం. ఇప్పుడు తూకం మీద సగం నీళ్ళున్న గిన్నె పెట్టి రీడింగ్ సున్నా చేయండి. రాయికి దారం కట్టి, పూర్తిగా మునిగేలా, అడుక్కీ పక్కలకీ తగలకుండా నీళ్ళలోకి వేలాడదీయండి, దారం మీ చేతిలోనే ఉండాలి. తూకం ఇప్పుడు చూపించే అంకె రాయి పక్కకి తోసిన నీళ్ళ బరువు, అంటే రాయి ఘనపరిమాణం. అది 200 అయితే 540ని 200తో భాగిస్తే 2.7, ఇది గ్రానైట్, సున్నపురాయి ఉండే చోటు. 180 వస్తే 3.0, బసాల్ట్ వైపు వెళ్ళింది. మొదటిసారి చేసినప్పుడు నేను రాయిని అడుక్కి ఆనించి, 540 కాస్తా 540గానే చూపిస్తుంటే తూకం పాడైందనుకుని బ్యాటరీలు మార్చాను. బుడగలున్న రాయికి ఈ లెక్క పనికిరాదు.

అతుకుల రాళ్ళు

రాయి అరిగి ఇసుక అవుతుంది, ఇసుక మళ్ళీ రాయవుతుంది. నదులు తెచ్చి పోసిన ఇసుక మీద ఇంకా ఇసుక, దాని మీద బురద, అలా బరువు పెరిగేకొద్దీ కింది పొరలోంచి నీళ్ళు పిండుకుపోతాయి, ఆ నీళ్ళలో కరిగి ఉన్న సిలికానో కాల్సైటో ఇనుప తుప్పో రేణువుల మధ్య పేరుకుని జిగురవుతుంది. భూమి మీద నేల కనిపించే చోట నాలుగింట మూడు వంతులు ఈ రాళ్ళే పరుచుకుని ఉంటాయి, అయినా లోతుగా చూస్తే భూపటలంలో వీటి వాటా చాలా తక్కువ, పైన కప్పిన పల్చటి దుప్పటి లాంటివి.

పేర్లు రేణువు సైజుని బట్టి వస్తాయి. 2 మిల్లీమీటర్లు దాటిన గులకలు గుండ్రంగా ఉంటే కాంగ్లోమరేట్, కోసుగా ఉంటే బ్రెచియా. గుండ్రంగా ఉన్నాయంటే నీళ్ళలో చాలా దూరం దొర్లాయని, కోసుగా ఉంటే పక్క కొండ నుంచే జారి పడ్డాయని అర్థం, కాబట్టి గులక అంచు చూడకుండా ముందుకెళ్ళకండి. 2 మిల్లీమీటర్ల నుంచి 0.06 దాకా ఇసుకరాయి, వేలితో రుద్దితే గరగరలాడుతుంది, జిగురు బలహీనంగా ఉంటే రేణువులు రాలి వేలికంటుకుంటాయి. అంతకంటే సన్నటిది బురదరాయి, పలుచటి పొరలుగా ఊడొస్తే షేల్. మరీ సన్నటి వాటిలో తేడా తెలుసుకోడానికి భూగర్భశాస్త్రం వాళ్ళు చిన్న ముక్కని పళ్ళ మధ్య పెట్టి నూరి చూస్తారు, గరగరమంటే సిల్ట్, అంటే సన్నటి ఒండ్రు, వెన్నలా జారితే బంకమట్టి. శుభ్రమైన ముక్కైతేనే సుమా, నన్ను నమ్మి రోడ్డు పక్కది నోట్లో పెట్టుకోవద్దు.

పొరలు కూడా చదవాలి. ఇసుకరాయి అంచున ఏటవాలు గీతలు కనిపిస్తే అవి ఒకప్పటి నీటి ప్రవాహమో గాలో ఇసుకని తోసుకెళ్ళిన జాడలు, గీతలు ఎటు దిగుతున్నాయో ప్రవాహం అటు వెళ్ళింది. ఆ గీతలు కింద మెల్లగా వంపు తిరిగి అడుగు పొరని ఆనుకుంటాయి, పైన మాత్రం కత్తితో కోసినట్టు ఆగిపోతాయి. దీన్ని బట్టి, కొండలు మడతపడి తిరగబడిన చోట కూడా ఏది పైముఖమో ఏది అడుగో చెప్పొచ్చు. నాకు ఈ మొత్తం విద్యలో బాగా ఇష్టమైన కిటుకు ఇది.

సున్నపురాయి పుట్టుక వేరు. సముద్రజీవుల గుల్లలూ పగడాలూ పేరుకుని, లేదా నీళ్ళలో కరిగిన కాల్షియం కార్బొనేట్ నేరుగా దిగి తయారవుతుంది. గుల్లల ముక్కలు భూతద్దంలో కనిపిస్తే ఇక పరీక్ష అక్కర్లేదు. లేకపోతే చాకుతో గీయండి, తేలిగ్గా పడుతుంది, ఆ గీత మీద పడిన పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే సన్నగా బుడగలు లేస్తాయి. డోలమైట్ అనే రాయి కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది గానీ ముక్క మీద యాసిడ్ వేస్తే దాదాపు మౌనం, పొడి చేసి వేస్తేనే నెమ్మదిగా స్పందిస్తుంది. వెనిగర్ బలహీనం కాబట్టి దానితో డోలమైట్‌ని కచ్చితంగా తేల్చడం కష్టం, ల్యాబ్‌లో అయితే పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడతారు. ఒక్క జాగ్రత్త, ఇసుకరాయి బుడగలొచ్చినంత మాత్రాన సున్నపురాయి అయిపోదు, దాని జిగురు కాల్సైట్ అయ్యుండొచ్చు. ఏది పొంగుతోందో, రేణువా సందా, భూతద్దంలో చూడండి.

బొగ్గు, రాతి ఉప్పు కూడా ఈ కోవలోవే. బొగ్గు మొక్కల శిథిలాల నుంచి, ఉప్పు ఎండిన సముద్రాల నుంచి. వీటిని గుర్తుపట్టడానికి గైడ్ అక్కర్లేదు. రాతి ఉప్పులో స్ఫటికాలు గ్రానైట్‌లా బిగుసుకుని ఉంటాయి, ముందు చెప్పిన మినహాయింపుల్లో అదొకటి.

నలిగి మారిన రాళ్ళు

ఇక్కడే అందరికీ టెన్షన్. రూపాంతరం అంటే కరిగి మళ్ళీ గట్టిపడటం అనుకుంటారు, కాదు. రాయి గట్టిగా ఉండగానే లోపలి ఖనిజాలు ఒకదానితో ఒకటి చర్య జరిపి కొత్తవి అవుతాయి, పాతవి పెద్దవవుతాయి, ఒత్తిడికి అడ్డంగా పడుకుంటాయి. భూమి లోపలికి వెళ్ళేకొద్దీ కిలోమీటరుకి దాదాపు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరుగుతుంది, సుమారు 200 డిగ్రీలు దాటాక ఈ మార్పులు మొదలై 700, 800 దాకా నడుస్తాయి, ఆ పైన నీళ్ళుంటే రాయి కరగడం మొదలుపెడుతుంది.

ఒకే బురదరాయి ఎలా మారుతుందో వరసగా చూస్తే అర్థమైపోతుంది. కొంచెం వేడికి, నొక్కుడికి అది పలకరాయి అవుతుంది. షేల్‌నీ దీన్నీ కలిపేసుకుంటారు గానీ తేడా చెవికే తెలుస్తుంది, కొడితే షేల్ దబ్బున మొద్దుగా పలుకుతుంది, పలకరాయి కంగుమంటుంది. పైగా పలకరాయి చీలేది పాత పొరల వెంట కాదు, నొక్కుడు పడిన దిక్కుకి అడ్డంగా, అందుకే ఒక్కోసారి చీలిన ముఖం మీద పాత పొరలు వేరే రంగు పట్టీల్లా అడ్డంగా పోతూ కనిపిస్తాయి. ఇంకొంచెం వేడెక్కితే పట్టులాంటి మెరుపుతో ఫిల్లైట్, ఇంకా పైకి వెళితే అభ్రకం రేకులు కంటికి కనిపించే షిస్ట్, దాన్లో ఎర్రటి గార్నెట్లు దానిమ్మ గింజల్లా పొదిగి ఉండొచ్చు. చివర్లో నలుపు తెలుపు పట్టీలతో నైస్ అనే రాయి. కెనడాలోని అకాస్టా నైస్ వయసు దాదాపు 400 కోట్ల ఏళ్ళు. గ్రానైట్ నలిగినా నైసే అవుతుంది, అందుకని గ్రానైట్ చూస్తున్నాననుకున్నప్పుడల్లా రెండడుగులు వెనక్కి వేసి పట్టీలేమైనా ఉన్నాయా అని చూడండి, చేతిలో ముక్కలో కనపడనిది బండ మొత్తం చూస్తే కనపడుతుంది.

తూర్పు కనుమల్లో గార్నెట్ పొదిగి, పైన తుప్పురంగుకి తిరిగి ఉండే ఖోండలైట్ ఇలా పుట్టిన రాయే, అక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. కోణార్క ఆలయం చాలావరకు కట్టింది దానితోనే. చార్నోకైట్ పేరు ఇంకా విచిత్రం. కలకత్తాలో ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి మీదున్న రాయిని పరీక్షించిన భూగర్భ శాస్త్రవేత్త టి.హెచ్. హాలండ్ 1893లో ఆ సమాధిలో ఉన్నాయన పేరే రాయికి పెట్టాడు. కొత్తగా విరిగిన ముఖం మీద నూనె రాసినట్టు ముదురు ఆకుపచ్చ నీడ ఉంటుంది, ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు.

పట్టీలూ రేకులూ లేని రూపాంతర శిలల్లో ముఖ్యమైనవి రెండు, పాలరాయి, క్వార్ట్‌జైట్. సున్నపురాయి మారితే మొదటిది, ఇసుకరాయి మారితే రెండోది. రెండూ తెల్లగా ఉండి ఒకదాన్నొకటి పోలి ఉంటే చాకు తీయండి, పాలరాయి మీద గీత పడుతుంది, వెనిగర్‌కి బుడగలొస్తాయి, క్వార్ట్‌జైట్ రెండిటికీ లొంగదు. ఇసుకరాయికీ క్వార్ట్‌జైట్‌కీ తేడా కావాలంటే విరిగిన చోటు చూడండి. ఇసుకరాయి రేణువుల చుట్టూ తిరిగి విరుగుతుంది, ముఖం గరుకుగా ఉంటుంది. క్వార్ట్‌జైట్‌లో రేణువులు ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయాయి కాబట్టి పగులు రేణువుల్ని చీల్చుకుంటూ నేరుగా పోతుంది, ముఖం నున్నగా మెరుస్తుంది.

రాళ్ళు కాని రాళ్ళు

ముందు చెప్తానన్న నా బసాల్ట్ ఇదీ. నల్లగా, బరువుగా, బుడగలతో, అయస్కాంతానికి అతుక్కునేది. ఒక దశలో ఇది ఉల్కేమో అని కూడా ఊహించుకున్నాను, రెండు రోజులు నిద్రపట్టలేదు. తీరా చూస్తే ఇనుము కరిగించినప్పుడు మిగిలిన చిట్టెం. ఉల్కల్లో బుడగల గుంతలు దాదాపు ఉండవు, కాబట్టి అయస్కాంతానికి అంటుకునే నల్లరాయిలో గుంతలుంటే ఆశ వదిలేసుకోవచ్చు. ఇంకో దొంగ కాంక్రీటు. నీళ్ళలో దొర్లి నున్నబడిన కాంక్రీటు ముక్క అచ్చం కాంగ్లోమరేట్‌లా ఉంటుంది, కానీ గులకల మధ్య బూడిదరంగు ముద్దలో గుండుసూది తలంత గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తాయి, సహజమైన ఇసుకరాతి జిగురులో అలాంటివి ఉండవు.

చేతిలో ముక్క చెప్పనిది చాలాసార్లు అది దొరికిన చోటు చెబుతుంది. గ్రానైట్ ఒకప్పుడు నీళ్ళలోంచి పేరుకున్నదని చాలామంది పండితులు వాదించేవాళ్ళు. భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ 1785లో స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ అనే లోయకి వెళ్ళి, అక్కడ ఎర్రటి గ్రానైట్ పాత నల్లటి రాతి పగుళ్ళలోకి నాళాల్లా దూరి ఉండటం చూశాడు. ద్రవంగా ఉంటే తప్ప అలా దూరలేదు. మీరూ బండ మీద ఒక రాయి ఇంకో రాయిని కోస్తూ పోయిన పట్టీ చూస్తే, కోసింది తర్వాత వచ్చిందని, కోయబడింది ముందునుంచీ ఉందని రాసుకోండి. నల్లటి డోలరైట్ పట్టీ అయితే దాని అంచుల్లోనూ మధ్యలోనూ భూతద్దం పెట్టండి, అంచుల్లో రేణువులు మరీ సన్నగా ఉంటాయి, చల్లటి రాయిని తాకిన చోట ముందే బిగుసుకుపోయింది కాబట్టి.

అందుకే ఇంటికి తెచ్చే ప్రతి ముక్క మీదా కాస్త తెల్ల పెయింట్ చుక్క పెట్టి, ఆరాక దాని మీద నంబరు రాయండి. కాగితం లేబుల్ ఊడిపోతుంది, పీకేయడానికీ తేలిక. పుస్తకంలో ఆ నంబరు పక్కన ఎక్కడ దొరికింది, బండలోంచి విరిచిందా, కింద పడి ఉన్నదా, చుట్టూ ఏ రాళ్ళున్నాయి అన్నది రాసుకోండి. పేరు మాత్రం పెన్సిల్‌తో రాయండి.